ఆట నేర్పువారు నేర్వవలసినది

హైదరాబాదు నుండి నర్సాపూరు మీదుగా మెదకునకు పోవు త్రోవలో కౌడిపల్లి యున్నది. అటువంటి మండల కేంద్రమున ఒక ఉన్నత పాఠశాల మైదానమును, సాయంకాలపు ఆటల వేళను శ్రోతలు మనస్సునకు తెచ్చుకొందురు గాక. 40 మంది పిల్లలు వరుసగా నిలిచియుందురు. వాలీబాలు బంతి ఒక్కటే. వ్యాయామోపాధ్యాయుడు బంతిని విసరును. ముందున్న పిల్లవాడు దానిని రెండు చేతులతో తిరుగగొట్టి, పోయి వరుస చివర నిలుచును. ఒక్కొక్క వంతునకు 10 సెకండ్లు పట్టునని లెక్కవేయుదము. 40 నిమిషములలో 240 వంతులు వచ్చును. అనగా ఒక్కొక్క పిల్లవానికి బంతి 6 సార్లు మాత్రమే అందును. ఆ ఆరు వంతులకు పట్టునది ఒక్క నిమిషము. తక్కిన 39 నిమిషములు వాడు నిలుచుటయే నేర్చుచున్నాడు.

దూరమునుండి చూచువారికి ఈ దృశ్యము ముచ్చటగానే యుండును. వరుస తప్పలేదు, అల్లరి లేదు, బంతి పలుమారు నేలబడుట లేదు. కాని పొరుగు మండలముతో పోటీకి పోయిన నాడు, ఆ పిల్లలే ఎదుటి జట్టు వారి సర్వీసును అందుకొనలేక తడబడుదురు. అప్పుడు పెద్దలు, “మన పిల్లలకు ఆట రాదు” అని తేల్చివేయుదురు. ఆ మాట విన్న పిల్లలలో కొందరు మరల మైదానమునకు రారు. తప్పు నిజముగా పిల్లలదేనా? లేక వారి అభ్యాసమును కూర్చిన విధానమునదా? నేటి ప్రసంగమునకు ఈ ప్రశ్నయే విషయము.

నైపుణ్యము మనిషికి ఎట్లు అబ్బునను విషయమును నూరేండ్లుగా శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు. 1920వ దశకమున మాస్కోలోని కేంద్ర కార్మిక సంస్థలో నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ అను శాస్త్రవేత్త, ఆరితేరిన పనివారు సుత్తితో ఉలిని కొట్టు తీరును ఛాయాచిత్రముల ద్వారా పరీక్షించెను. దెబ్బ ప్రతిసారియు చోటు తప్పక పడుచున్నది. కాని భుజము, మోచేయి, మణికట్టు కదలిన తీరు ఒకసారి యున్నట్లు మరొకసారి లేదు. మన ఊరి కమ్మరి కొలిమి వద్ద నిలిచి చూచినను ఈ సంగతియే తెలియును. నేర్పరియైన వాడు ఒకే కదలికను మరల మరల అచ్చువేయుట లేదు. ఒకే పనిని ప్రతిసారి క్రొత్తగా సాధించుచున్నాడు. కనుక ఒకే బంతిని, ఒకే ఎత్తునుండి, ఒకే చోటికి విసరి నేర్పిన నేర్పు పోటీలో చాలదు. ఎదుటి జట్టువాడు మనకు అనువైన చోటికి బంతి నంపడు గదా!

1978లో కెర్, బూత్ అను పరిశోధకులు ఎనిమిదేండ్ల పిల్లలచే గింజల సంచిని గురికి విసరించిరి. ఒక జట్టు 3 అడుగుల దూరమునుండియే అభ్యసించెను. రెండవ జట్టు ఒకమారు 2 అడుగుల నుండి, ఒకమారు 4 అడుగుల నుండి అభ్యసించెను గాని 3 అడుగుల నుండి విసరనే లేదు. 12 వారములైన పిదప అందరికిని 3 అడుగుల దూరమునుండియే పరీక్ష పెట్టిరి. ఆ దూరమునే అభ్యసించిన వారికంటె, దానిని ఎరుగని రెండవ జట్టు వారే గురికి దగ్గరగా విసరిరి.

మరుసటి యేట షియా, మోర్గన్ అనువారు చేసిన ప్రయోగము ఇంతకంటె ప్రసిద్ధమైనది. చేతితో వేగముగా చిన్న చెక్కపలకలను పడద్రోయు పనులు మూడింటిని వారు నేర్పిరి. కొందరు మొదటి పని ముగించి రెండవది, అది ముగించి మూడవది అభ్యసించిరి. మరికొందరు మూడింటిని కలగలిపి, తరువాత ఏది వచ్చునో తెలియకుండ అభ్యసించిరి. అభ్యాసము సాగుచున్నంతసేపు మొదటివారే చురుకుగా నుండిరి. పది దినముల పిదప మరల పరీక్షింపగా కలగలిపి నేర్చినవారు మిన్నయైరి.

శిక్షకుడు కన్ను తెరచి గ్రహింపవలసిన మర్మ మిచటనే యున్నది. అభ్యాస సమయమున కనబడు సొగసు వేరు, పిల్లవానిలో నిలిచియుండు విద్య వేరు. నేటి సాయంకాలము తప్పులు లేకుండ సాగిన అభ్యాసము వచ్చే వారమునకు ఏమియు మిగుల్చకపోవచ్చును. తడబాటుతో సాగినది గట్టిగా నాటుకొనవచ్చును. ఈ భేదము తెలియని శిక్షకుడు చూపులకు బాగున్నదానినే ఎన్నుకొనును. తెలియక తన పిల్లలకే అన్యాయము చేయును.

దిద్దుబాటు విషయమునను ఇట్లే జరుగును. ప్రతి దెబ్బకును “మోచేయి వంచు, మోకాలు దించు” అని పలుకు శిక్షకుడు శ్రద్ధగలవానివలె కనబడును. కాని ఫలితమును ప్రతిసారి తెలుపక, సగము సార్లు మాత్రమే తెలిపినచో నేర్చినది ఎక్కువకాలము నిలుచునని 1990లో విన్‌స్టీన్, ష్మిట్ అనువారి ప్రయోగమున తేలినది. ఎల్లప్పుడును ఇతరుని నోటివైపు చూచువాడు తన తప్పును తాను కనుగొను అలవాటును కోల్పోవును.

ఇదంతయు పరదేశపు శాస్త్రమని శ్రోతలు తలపవలదు. ఈ ప్రయోగములకు చాల ముందే హైదరాబాదు మైదానములలో ఒక ఉపాధ్యాయుడు ఈ తత్త్వమును ఆచరించి చూపెను. ఆయనయే సయ్యద్ అబ్దుల్ రహీంగారు. బడిలో పాఠములు చెప్పినవారు. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు జట్టునకు శిక్షకులు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పును గెలిచెను. రహీంగారి శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకు చేరెను. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1 గోలులతో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణమును తెచ్చెను. మరుసటి యేట ఆయన కీర్తిశేషులైరి.

రహీంగారు నడిపించిన పోటీలలో కొన్ని వింతైనవి. ఒకదానిలో బంతిని కాలివద్ద నుంచుకొని డ్రిబ్లింగు చేయుట నిషేధము. మరియొకదానిలో ఆటగాడు తన బలహీనమైన కాలితోనే ఆడవలెను. ఈ నియమములలోని యుక్తిని గమనింపుడు. డ్రిబ్లింగు లేనప్పుడు, బంతి అందకముందే తల యెత్తి తోడివాడెక్కడ నున్నాడో చూడక తప్పదు. బంతి లేనివాడును ఊరక నిలువక, ఖాళీ చోటికి పరుగెత్తక తప్పదు. ఉపన్యాసముతో పనిలేకయే ఆట నియమము గురువు పని చేయుచున్నది. 1986లో కార్ల్ న్యూవెల్ అను శాస్త్రవేత్త ఈ తత్త్వమునకు శాస్త్రరూప మిచ్చెను. ఆటగాని శరీరము, పరిసరము, చేయవలసిన పని, ఈ మూడింటి హద్దుల నడుమ కదలిక రూపొందునని ఆయన సిద్ధాంతము. శిక్షకుని చేతిలో సులభముగా మారునది మూడవది: మైదానపు కొలత, ఆటగాండ్ర సంఖ్య, బంతి, నియమము.

మన పల్లెలలో చిర్రగోనె ఆడు పిల్లలను చూడుడు. కోస్తా జిల్లాలలో దానినే గూటీబిళ్ళ అందురు. చిర్ర ప్రతిసారి ఒక తీరున ఎగురును. ఎవరును నిలిచి పాఠము చెప్పరు. ఐనను వారి కన్ను, చేయి ఎంత చక్కగా కుదురుకొనును! చెడుగుడులోను అంతే. బరిని కొంచెము ఇరుకుచేసి, ఇద్దరే కాచునట్లు చేసినచో కూతకు పోయినవాడు తప్పించుకొను ఉపాయమును తానే వెదకుకొనును. వాలీబాలునకు వచ్చినచో 40 మందిని ఒక్క వరుసలో నిలుపనేల? ఒక తాడును పొడవుగా కట్టి, చవుకైన రబ్బరు బంతులు నాలుగైదు తెచ్చి, నలుగురికి నలుగురు ఎదురెదురుగా ఆడినచో బంతి ప్రతివానికి పదే పదే అందును. అందిన ప్రతిసారియు క్రొత్త సమస్య యగును.

ఐతే ఒక హెచ్చరిక యవసరము. బంతిని తాకుటకే జంకు పసివానిని తొలినాడే గజిబిజిలో పడవేయరాదు. వానికి కొన్నాళ్ళు ఒకే తీరున ఇచ్చి ధైర్యము కలిగింపవలెను. కలగలుపు అభ్యాసపు మేలు ప్రయోగశాలలో కనబడినంత బలముగా మైదానమున ఎల్లవేళల కనబడదు కూడ. కష్టము పిల్లవాని శక్తికి తగినంత యుండవలెను. ఆ తగినంత ఎంతయో గుర్తించుటయే శిక్షకుని విద్య.

మరి ఆ విద్యను శిక్షకునికి నేర్పు టెట్లు? 1961లో పటియాలాలో జాతీయ క్రీడాసంస్థ ఏర్పడిన నాటినుండి మన దేశమున శిక్షకులకు క్రమమైన చదువు కలదు. కాని పల్లె పాఠశాలలో అన్ని ఆటలను ఒక్కడే నేర్పు వ్యాయామోపాధ్యాయుడు పటియాలాకు పోగలుగుట అరుదు. శిక్షణయే ఆయన యొద్దకు రావలెను. అట్లు వచ్చిన శిక్షణ గదిలో కూర్చుండి విను ఉపన్యాసముగా ముగిసినచో ఫలితము కొద్ది. పిల్లలకు చెప్పిన సూత్రమే పెద్దలకును వర్తించును. శిక్షకుడు తన మైదానముననే ఒక అభ్యాసమును కూర్చవలెను. తోటి శిక్షకుడొకడు ప్రక్కన నిలిచి, ఏ పిల్లవానికి బంతి ఎన్నిసార్లందినదో లెక్కవ్రాయవలెను. వారము గడచిన పిదప, ముందు అభ్యాసము లేకుండ, అదే నైపుణ్యమును పరీక్షింపవలెను. నిలిచినదెంత, జారిపోయినదెంత యని ఇద్దరును కూర్చుండి విచారింపవలెను. మరల అభ్యాసమును మార్చవలెను. దీనికి కాగితము, పెన్సిలు, ఓపిక చాలును.

ప్రధానోపాధ్యాయులకును, తల్లిదండ్రులకును ఒక మనవి. మైదానమున వరుస చెదరి, కేకలు వినబడి, బంతులు నేలబడుచున్నచో శిక్షకుడు పని మానినాడని తొందరపడి అనుకొనవలదు. బహుశః అతడు నిజముగా నేర్పుచుండవచ్చును. ఇంతకాలము వరుస చివర నిలిచి తన వంతుకై యెదురుచూచిన పిల్లవానికి అప్పుడే బంతి అందుచున్నదేమో చూడుడు. వానికి ఆట రాదని తేల్చుటకు ముందు, వానికి ఆడు అవకాశము నిచ్చితిమా యని మనలను మనము ప్రశ్నించుకొందము.