ఊడిరాని బోల్టు తప్పెవరిది?

అరిగిపోవడం ఖాయమని తెలిసే బండికి బిగించే భాగాల్లో షాక్ అబ్జార్బర్ ఒకటి. గతుకు తగిలినప్పుడు కమాన్ కట్ట వంగి శక్తిని దాచుకుంటుంది, మరుక్షణం తిరిగి వదులుతుంది. ఆ శక్తిని మింగేది షాక్ అబ్జార్బర్. దాని గొట్టంలో పిస్టన్ కదిలినప్పుడల్లా నూనె సన్నటి రంధ్రాల గుండా దూరి వేడెక్కుతుంది, బండి ఊగిసలాట ఆగుతుంది. సీలు అరిగి నూనె కారిపోతే ఆ గొట్టం ఉన్నా లేనట్టే, మార్చక తప్పదు. అయినా 1984 మోడల్ నుంచి 2001 దాకా వచ్చిన జీప్ చెరకీలో వెనక షాక్ అబ్జార్బర్లు విప్పబోతే పైబోల్టులు పుటుక్కున తెగిపోవడం అమెరికా మెకానిక్కులకు బాగా అలవాటైన తలనొప్పి. నింద ఎప్పుడూ తుప్పు మీదకే పోతుంది. తుప్పు పట్టేది నిజమే కానీ, అసలు లోపం బిగింపులో ఉంది. మార్చాల్సిన భాగాన్ని శాశ్వతంగా ఉండేదానిలా బిగించారు.

తొలితరం షాక్ అబ్జార్బర్లకు ఈ జబ్బు లేదు. ఫ్రాన్స్‌కు చెందిన ట్రుఫో రూపకల్పనను 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ అమెరికాలో అమ్మకానికి తెచ్చాడు. అందులో నూనె లేదు. కత్తెరలా కదిలే రెండు చేతులు, కీలు దగ్గర ఒకదాన్నొకటి ఒరుసుకునే బిళ్లలు, వాటిని నొక్కిపట్టే నట్టు మాత్రమే ఉండేవి. నట్టు ఎంత బిగిస్తే అంత రాపిడి. బిళ్లలు అరిగినకొద్దీ దాన్ని మళ్లీ సర్దాలి కాబట్టి దానిమీద పానా పడుతూనే ఉండేది. తర్వాత నూనెతో పనిచేసేవి వచ్చాయి, చివరకు అంతా మూసిన గొట్టంలోకి చేరింది. సర్దుబాటు ఫ్యాక్టరీలోనే ముగిసింది. ఏళ్ల తరబడి బిగింపును ముట్టుకోవాల్సిన పని లేకుండాపోయింది. అప్పటికీ రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ జీపులో షాక్ అబ్జార్బర్‌ను పిన్నుకు తొడిగి, వాషరు వేసి, కాటర్ పిన్నుతో నిలిపారు. సైనికుడు దారిలోనే విప్పగలగాలన్న ఆలోచన అందులో కనిపిస్తుంది.

చెరకీకి విడిగా ఛాసిస్ లేదు. రేకులు వంచి, వెల్డ్ చేసిన పెట్టెల్లాంటి నిర్మాణమే బండి బరువు మోస్తుంది. వెనక షాక్ అబ్జార్బర్ పైకొసను ఒక్కో పక్క రెండు బోల్టులు పట్టి ఉంచుతాయి. వాటి నట్లు ఆ పెట్టె లోపల రేకుకు వెల్డ్ చేసి ఉంటాయి. మంచు రోడ్ల మీద చల్లిన ఉప్పును చక్రాలు అక్కడికే చిమ్ముతాయి. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి మరల మధ్య సందు పూడుకుపోయి బోల్టు, నట్టు ఒకటే ముద్దవుతాయి. పానాకు ఇంకో పొడుగు గొట్టం తొడిగి బలంగా తిప్పితే సరిపోదా అంటే, లెక్క ఒప్పుకోదు. మెలిపెట్టే బలాన్ని తట్టుకునే శక్తి బోల్టు వ్యాసం ఘనాన్ని బట్టి ఉంటుంది. తుప్పు తిని వ్యాసం పదోవంతు తగ్గితే ఆ శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. నట్టు పట్టు పెరుగుతుంటే బోల్టు బలం తగ్గుతోందన్న మాట. అలాంటప్పుడు అదనపు బలం మర విప్పదు, బోల్టును తెంపుతుంది.

ఉప్పే కారణం, డిజైనును తప్పుపట్టడం ఎందుకని అడగవచ్చు. అదే బండిలో అదే షాక్ అబ్జార్బర్ కిందికొస దీనికి జవాబు చెబుతుంది. అది ఇరుసు దగ్గరి కడ్డీకి తొడిగి ఉంటుంది, నట్టు బయటికే కనిపిస్తుంది. దానికీ తుప్పు పడుతుంది. కానీ నూనె చిమ్మి రాత్రంతా నానబెట్టవచ్చు, ఊడకపోతే గ్రైండరుతో నట్టును చీల్చవచ్చు. నట్టును వేడి చేయడానికీ చోటుంటుంది. 8 మిల్లీమీటర్ల ఉక్కు రంధ్రం 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.03 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. తుప్పు పట్టు విరగడానికి ఒక్కోసారి అంతే చాలు. పైన మాత్రం నట్టు కనబడదు, నూనె సరిగా చేరదు. మంట పెడదామంటే పెట్రోలు ట్యాంకు దగ్గరే ఉంది, మూసిన షాక్ అబ్జార్బర్ వేడికి పగలవచ్చు కూడా. కాబట్టి తుప్పు రెండు చోట్లా ఒకటే, తేడా తెచ్చింది బిగింపు.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. మూసిన పెట్టె లోపలికి చెయ్యి పోదు, నట్టును ముందే అతికించకపోతే ఫ్యాక్టరీలో బండి ఎలా కూర్చాలి? వెల్డ్ నట్టు ఉంటే కింద నిలబడ్డ ఒక్క కార్మికుడు క్షణాల్లో బోల్టులు ఎక్కించేస్తాడు. ఆ సౌకర్యం కాదనలేనిదే. కానీ అది ఒక్కసారి జరిగే పనికి లాభం, పదేపదే జరిగే పనికి నష్టం. పెట్టె బయట ఒక బ్రాకెట్ అతికించి, దానికి ఇటునుంచి అటు దూరే బోల్టు వేసి ఉంటే కూర్పు కాస్త ఆలస్యమయ్యేది, విప్పడం మాత్రం తేలికయ్యేది. బోల్టు తెగినప్పుడు మెకానిక్కులు కూడా అతికించిన నట్టును వదిలించుకుంటారు. ఉలితో పాత నట్టును ఊడగొట్టి, లోపలికి కొత్త నట్టు దూర్చి, మరలకు గ్రీజు పూసి మరీ బిగిస్తారు. అంటే డిజైనరు బల్ల మీద తెగాల్సిన లెక్కను వాళ్లు ఏళ్ల తర్వాత బండి కింద పడుకుని తేలుస్తున్నారు. కనుక అరిగే భాగానికి బిగింపు ఎంచుకునేటప్పుడు ఎంత త్వరగా ఎక్కుతుందన్నదాని కంటే, పదేళ్ల తుప్పు తర్వాత పానా ఎక్కడ పడుతుందన్నదే ముందు అడగాలి.