లేసర్‌కు మంచు అడ్డం

పుష్యమాసంలో తెల్లవారుజామున ధవళేశ్వరం బ్యారేజి మీద ఎప్పుడైనా నిలబడ్డారా? ఎదురుగా వచ్చే లారీ దీపాలు దగ్గరికి వచ్చేదాకా కనిపించవు. దీపాలు వెలగక కాదు. గాలిలో తేలే సన్నని నీటి బిందువులు ఆ కాంతిని నలువైపులకూ చెదరగొడతాయి. లేసర్ ఆయుధానికీ ఇదే చిక్కు.

2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర మన రక్షణ పరిశోధన సంస్థ డి.ఆర్.డి.ఓ. 30 కిలోవాట్ల లేసర్‌తో డ్రోన్లను కూల్చి చూపింది. హైదరాబాదులో ఉన్న దాని ప్రయోగశాల 'చెస్' ఈ ఆయుధాన్ని రూపొందించింది. దాన్ని మంచు పట్టిన మన బ్యారేజి మీదికి తెచ్చామనుకోండి. కిలోమీటరు అవతల ఏమీ కనబడడం లేదంటే, అంత దూరం పోయేసరికి కాంతిలో సుమారు నూటికి రెండు పాళ్ళే తిన్నగా మిగిలిందన్నమాట. అంటే 30 కిలోవాట్లలో 600 వాట్లు! మన ఇస్త్రీపెట్టె వాడుకునే కరెంటే అంతకంటె ఎక్కువ.

మరి ఆకాశం నిర్మలంగా ఉంటే? కిరణం రెప్ప వాల్చేలోగా చేరుతుంది, నిజమే. కాని చేరగానే పని పూర్తి కాదు. భూతద్దంతో కాగితం కాల్చినవారికి తెలుసు, చెయ్యి కదిలితే కాగితం అంటుకోదు. ఎగిరే డ్రోను మీద కూడా కిరణం కొన్ని సెకన్లపాటు ఒకేచోట నిలవాలి. ఈలోగా రెండోది, మూడోది వచ్చేస్తుంటాయి. అందుకే లేసర్ వచ్చినా సైన్యాలు ఫిరంగులనూ క్షిపణులనూ వదిలిపెట్టలేదు. మబ్బు పట్టిన రోజున అవే దిక్కు.