వార్తల్లో పదం: రిటైనర్

సఖినేటిపల్లి రేవులో నర్సాపురం పంటు కోసం నిలబడ్డ కొబ్బరి వ్యాపారి ఫోన్‌లో వరుసగా మెసేజులు: సరుకు ఎప్పుడొస్తుంది, బిల్లు ఏది, ఇవాళ రేటెంత? వీటికి ఇంటి నుంచే జవాబులిచ్చి లెక్కలు రాసిపెట్టే మనిషే వర్చువల్ అసిస్టెంట్. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్, సంప్రదాయ యజమాని-ఉద్యోగి బంధానికి బయట పనిచేసి సంపాదించేవారిని గిగ్ వర్కర్లంది. ఆ బంధానికి బయట ఉండి చేసే అసిస్టెంట్ పనికి ధర ఎలా కట్టాలి?

అసిస్టెంట్ అడిగే రేటు విని ‘‘గంటకు 360 రూపాయలా?’’ అని ఉలిక్కిపడే ముందు లెక్క చూడండి. ఆ అసిస్టెంట్‌కు నెలకు 30 వేలు మిగలాలనుకుందాం. ల్యాప్‌టాప్, నెట్, కరెంటుకు మరో 6 వేలనుకుందాం. నెలకు 160 గంటలు కూర్చున్నా, కొత్త పని వెతుక్కోవడం, బిల్లులు పంపడం పోగా డబ్బులొచ్చేవి ఓ 100 గంటలే. 36 వేలను 100తో భాగిస్తే 360. జ్వరమొస్తే ఆ రోజు సంపాదన లేనట్టే.

పనిని బట్టి రకరకాలుగా కూలి లెక్కకట్టడం కోనసీమకు కొత్త కాదు. దింపు కార్మికుడికి చెట్టు లెక్క, వలుపు కార్మికుడికి కాయల లెక్క, తోట పనికి రోజు కూలి. అలాగే అసిస్టెంట్‌తో ఒక్క కేటలాగ్ చేయించాలంటే పని లెక్కన, ఎంత పనో తేలకపోతే గంట లెక్కన మాట్లాడుకోవాలి. నెలకు ఇన్ని గంటలని మీకోసం అట్టిపెట్టి, ముందే తీసుకునే సొమ్ము రిటైనర్. మిగిలిన గంటలు పై నెలకు వస్తాయా, పోతాయా అన్నది ముందే రాసుకోండి. గొడవలు అక్కడే మొదలవుతాయి. రాత్రి పదింటికి వాట్సాప్‌లో పంపే ‘‘చిన్న పని’’ కూడా ఆ గంటల్లోకే వస్తుంది.