లెక్క అరగంట - ప్రయాణం గంట!

హైదరాబాదులోని గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు చూచారా? తెల్లవారకముందే అక్కడికి మల్లెలు, బంతులు, చామంతులు బుట్టలకొద్దీ వచ్చి దిగుతాయి. అక్కడినుంచి ఒక బుట్టెడు మల్లెలను విమానంలో తిరుపతికి పంపాలనుకొందాం. పూలు వాడకముందే చేరుతాయా? రండి, లెక్క వేద్దాం.

ముందు దూరం సంగతి. శంషాబాదు విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద వున్నది. తిరుపతి విమానాశ్రయం వున్న రేణిగుంట 13.63, 79.54 డిగ్రీల వద్ద వున్నది. అక్షాంశాల తేడా 3.61 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున ఉత్తర దక్షిణాలుగా సుమారు 400 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 1.11 డిగ్రీలు. మన ప్రాంతంలో ఆ డిగ్రీ సుమారు 107 కిలోమీటర్లే గనుక, తూర్పు పడమరలుగా 119 కిలోమీటర్లు. ఇక పైథాగరస్ సూత్రం వేయండి. కర్ణం సుమారు 418 కిలోమీటర్లు! భూమి గుండ్రమే అయినా ఇంత చిన్న దూరానికి ఈ లెక్క చాలు. కర్నూలు, కడపల మీదుగా రోడ్డున వెళితే 550 కిలోమీటర్లకు పైనే.

ఇప్పుడు కాలం. జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందనుకొంటే 418 కిలోమీటర్లకు 31 నిమిషాలు చాలాలి. కాని టైంటేబులులో గంటకు పైగా వుంటుంది. మిగిలిన అరగంట ఏమైనట్లు?

టైంటేబులు చూపే కాలం గాలిలో వున్నంతసేపు మాత్రమే కాదు. నిలిచిన చోటినుంచి విమానం కదిలినప్పుడు మొదలై, అవతలి వూళ్ళో ఆగేవరకు లెక్కే. రన్‌వే దాకా మెల్లగా పోవాలి. పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. పైగా విమానం గాలికి ఎదురుగా లేవాలి. శంషాబాదు రన్‌వే తూర్పు పడమరలుగా వున్నది, తిరుపతేమో దక్షిణాన! నైరుతి ఋతుపవనాల రోజుల్లో సాధారణంగా పడమరకు లేచి, తరువాత దక్షిణానికి తిరగాలి.

ఇందులో ఒక తమాషా వున్నది. శంషాబాదునుంచి విజయవాడ విమానాశ్రయం 264 కిలోమీటర్లు. తిరుపతి అంతకంటె 154 కిలోమీటర్లు ఎక్కువ. అయినా ఆ అదనపు దూరానికి పట్టేది 12 నిమిషాలే! ఎక్కడం, దిగడం, నేలమీద నడవడం రెండు ప్రయాణాలకూ దాదాపు సమానమే గదా! అందుకే దూరం సగమైనంత మాత్రాన విమాన ప్రయాణ కాలం సగం కాదు.

మరి మన మల్లెల సంగతి? కోసిన పువ్వు కూడా శ్వాసిస్తూనే వుంటుంది. వేడికి నీరు కోల్పోయి వాడుతుంది. దానికి విమానం ఎగిరిన గంట ఒక్కటే లెక్క కాదు. మార్కెట్టునుంచి శంషాబాదుకు, తూకానికి, తనిఖీకి, రేణిగుంటలో దింపడానికి పట్టే గంటలన్నీ లెక్కే. బుట్టను చల్లగా వుంచి, విమానం వేళ కుదిరితే, తెల్లవారుజామున బయలుదేరిన మొగ్గలు ఆ మధ్యాహ్నానికే తిరుపతి చేరగలవు.

ఇక మీ వంతు! విశాఖపట్నం విమానాశ్రయం 17.72, 83.22 డిగ్రీల వద్ద వున్నది. శంషాబాదునుంచి ఎంత దూరం? జవాబు 510కి దగ్గరగా వస్తే మీ లెక్క సరియైనదే.