విద్యార్థుల మాటకు విలువ

సిద్దిపేట జిల్లా ఇబ్రహీంపూర్ వంటి గ్రామమునుండి కుమార్తెను నగరములోని ప్రయివేటు విశ్వవిద్యాలయమునకు పంపదలచిన తండ్రి, అక్కడ చదువుచున్నవారి అభిప్రాయమును తప్పక అడుగును. తెలంగాణలో ఇట్టి సంస్థలకై 2018లో చట్టము వచ్చినది. 2020లో మహీంద్రా, ఎస్.ఆర్. మొదలగు ఐదింటికి అనుమతి లభించినది.

అయితే ఒకే ఆవరణను గూర్చి అందరును ఒకే మాట చెప్పరు. మొదటి సంవత్సరపు విద్యార్థి భవనములను, ఆటస్థలమును మెచ్చుకొనును. చివరి సంవత్సరమువాడు బోధనను, ఉద్యోగావకాశములను తూచి చూచును. నగరవాసి సాయంకాలమునకు ఇల్లు చేరును. పల్లె విద్యార్థికి హాస్టలే ఇల్లు. తెలుగులో చదివి వచ్చినవారికి ఆంగ్ల బోధనయే తొలి కష్టము.

కావున పొలము కుదువబెట్టుటకు ముందు, చెప్పుచున్నవారు ఏ సంవత్సరము చదువుచున్నారో, ఎక్కడ నివసించుచున్నారో, ఫీజు ఎట్లు కట్టుచున్నారో విచారింపుడు. మన అమ్మాయివంటి పరిస్థితిలోనివారి మాటయే మనకు పనికివచ్చును.