ఏ మరక ఎక్కడిది?

నిజాం కానుకగా ఇచ్చిన ఒక యుద్ధ విమానం 1918లో ఐదు వారాలు మాత్రమే పనిచేసింది. దాని చిన్న నమూనాకు ఎంత మురికి పూయాలి? కమాన్‌పూర్‌లో ఒక బల్ల మీద పుట్టిన ప్రశ్న ఇది.

లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం సేకరణలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ విమానం ఒకటి ఉంది. కొయ్య చట్రం, పైన గుడ్డ, ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు. నంబరు ఎఫ్1010. దాని ఒంటి మీద ఇంగ్లిషులో రాసిన మాటలకు అర్థం ఇది: ‘హైదరాబాద్ నిజాం ప్రభువు బహూకరించినది. హైదరాబాద్ నం. 12ఏ’. ఆ ప్రభువు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. అప్పట్లో మా కమాన్‌పూర్ ఆయన ఏలుబడిలోని కరీంనగర్ జిల్లాలో ఒక ఊరు.

ఎడిటర్ గారు నన్ను అడిగింది నిజాం గురించి కాదు. యుద్ధ విమానాల చిన్న నమూనాలు కట్టే అభిరుచి గురించి, అందులోనూ ‘వెదరింగ్’ గురించి ముఖచిత్ర కథనం కావాలన్నారు. ఎండకు వెలిసిన రంగు, కారిన నూనె, పట్టిన మసి, అంటిన బురద - ఇవన్నీ అసలు యంత్రం మీద ఎలా ఉంటాయో చిన్న నమూనా మీద అలా తీసుకురావడమే వెదరింగ్. నేనూ ఈ పని చేసేవాణ్నే. కిట్ల పేర్లు, రంగుల పేర్లు, నాలుగు చిట్కాలు రాస్తే సరిపోతుందనుకున్నాను. ఉదాహరణకు ఏ విమానం తీసుకోవాలా అని వెతుకుతుంటే 12ఏ తగిలింది. దాని తేదీలు చదివాక మిగతా సరంజామా అంతా వెనక్కి పోయింది.

ఐదు వారాల జీవితం

రాయల్ ఎయిర్‌ఫోర్స్ 110వ స్క్వాడ్రన్‌కు తొలి విమానాలన్నీ నిజాం కానుకే. అందుకే దానికి 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్ అన్న పేరు నిలిచింది. ఆ విమానాలు డీహెచ్.9ఏ రకానివి. ఇద్దరు కూర్చునే పగటి బాంబర్. ముందు అమెరికాలో తయారైన 400 హార్స్‌పవర్ లిబర్టీ ఇంజను. ఈ రకం విమానంతో యుద్ధంలో దిగిన తొలి స్క్వాడ్రన్ కూడా ఇదే.

స్క్వాడ్రన్ ఫ్రాన్స్ చేరింది 1918 సెప్టెంబర్ 1న. తొలి దాడి సెప్టెంబర్ 14న, ఒక జర్మన్ విమాన స్థావరం మీద. అక్టోబర్ 5న జర్మనీ మీదికి వెళ్లిన దాడి నుంచి ఎఫ్1010 తిరిగి రాలేదు. పైలట్ కెప్టెన్ ఇంగ్లిస్, వెనక సీట్లోని బాడ్లీ ఇద్దరూ ప్రాణాలతో ఖైదీలయ్యారు. తొలి దాడికీ ఈ దాడికీ మధ్య 21 రోజులు. నవంబర్ 11న యుద్ధం ఆగేనాటికి ఆ స్క్వాడ్రన్ శత్రువు చేతిలో 17 విమానాలను, ప్రమాదాల్లో మరో 28 విమానాలను పోగొట్టుకుంది. శత్రువు కూల్చినవాటి కంటే దిగుతూ, ఎగురుతూ విరిగిపోయినవే ఎక్కువ.

పట్టుబడ్డ విమానాన్ని జర్మన్లు తుక్కు చేయలేదు, దాచుకున్నారు. 1936లో బెర్లిన్‌లో తెరిచిన విమాన మ్యూజియంలో అది ప్రదర్శన వస్తువైంది. రెండో ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతున్నప్పుడు సేకరణను తూర్పుకు తరలించారు. అలా అది పోలండ్‌లో చిక్కుకుని క్రాకోవ్ మ్యూజియం చేరింది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్‌ను పోలండ్‌కు ఇచ్చి, బదులుగా దీన్ని తీసుకెళ్లింది. ఆ స్పిట్‌ఫైర్ ఇప్పటికీ క్రాకోవ్‌లోనే ఉంది. ఎఫ్1010కు మరమ్మతు చేసి, కొత్తగా రంగులు వేశారు. కాబట్టి ఈ రోజు లండన్‌లో కనిపించే విమానం ఒంటి మీద 1918 నాటి మురికి లేదు. ఆ మురికి ఎలా ఉండేదో ఆలోచించి తేల్చుకోవాల్సింది నమూనా కట్టేవాడే.

మురికికీ లెక్క ఉంది

నమూనాల పోటీల ఫోటోలు చూస్తుంటే నాకు ఒక అసంతృప్తి. ప్రతి విమానమూ పదేళ్లు వానలో పడేసినట్టుంటుంది. ప్రతి గీతలోనూ నల్లరంగు, ప్రతి అంచునా పెయింటు ఊడి వెండిరంగు చుక్కలు. చేతి నేర్పు గొప్పదే, కాదనను. కానీ ఆ విమానం ఎన్నాళ్లు పనిచేసింది, ఎక్కడ దిగింది, దేనితో తయారైంది అన్న ప్రశ్నలకు అందులో జవాబుండదు.

మా బొగ్గు బెల్టులో ఈ సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఓసీపీలో (ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో) పనిచేసినవాడు డంపర్‌ను చూడగానే అది మోస్తున్నది బొగ్గో, దాని పైనుంచి తీసిన ఓబీ మట్టో చెప్పేస్తాడు. బాడీ అంచున పెయింటు పోయి ఇనుము మెరుస్తుంటే అక్కడ రాయి రాసుకుందన్నమాట. డోరు పిడి చుట్టూ నల్లగా ఉంటే గ్రీజు చేతులు పడ్డాయన్నమాట. మరక పడ్డ ప్రతి చోటికీ ఒక కారణం ఉంటుంది. విమానానికీ అదే సూత్రం వర్తిస్తుంది.

ఆ లెక్కన 12ఏను చూద్దాం. అది ఇంచుమించు కొత్త విమానం. నెల దాటి నాలుగు రోజుల్లో రంగు వెలిసిపోదు. రెక్కలు గుడ్డవి, లోపల కొయ్య. కాబట్టి రెక్కల మీద వెండిరంగు చుక్క ఒక్కటి పెట్టినా అబద్ధమే. గుడ్డ కింద మెరవడానికి లోహమెక్కడిది? లోహపు రేకులున్నది ఇంజను చుట్టూనే. వాటిని మెకానిక్కులు తరచూ విప్పుతారు. మరల దగ్గర గీతలు, అతుకుల దగ్గర నూనె జిడ్డు అక్కడ న్యాయమే. ఇక కాలం సెప్టెంబర్, అక్టోబర్. ఈశాన్య ఫ్రాన్స్‌లో శరదృతువు, పచ్చిక మైదానమే రన్‌వే. తోకకు చక్రం లేదు, నేలను గీరుకుంటూ పోయే కొయ్య ముక్క ఉంటుంది. బురద అంటుకునేది ఆ కొయ్యకు, చక్రాలకు, చక్రాల వెనక కింది రెక్క అడుగుభాగానికి. పైరెక్క మీదికి బురద ఎగిరే దారే లేదు.

ఆకుపచ్చా? గోధుమరంగా?

రంగు దగ్గర అసలైన చిక్కు వచ్చింది. అప్పటి బ్రిటిష్ విమానాల పైభాగానికి వేసిన రంగును పీసీ10 అంటారు. ఎండ తగిలి గుడ్డ చివికిపోకుండా కాపాడటం దాని మొదటి పని. అందులో కలిపినవి రెండే: ఇనుము ఆక్సైడ్ ఉన్న పసుపు మట్టి, దీపపు మసి. పసుపులో నలుపు కలిస్తే ఒకరకమైన ముదురు ఆకుపచ్చ వస్తుంది. దేనిలో కలిపారు, పైన ఏ వార్నిష్ వేశారు, ఎన్నాళ్లు ఎండలో ఉంది అన్నదాన్ని బట్టి అది గోధుమరంగు వైపు తిరుగుతుంది. నాటి ఫోటోలన్నీ నలుపు తెలుపువే. అందుకే పీసీ10 ఆకుపచ్చా, చాక్లెట్ గోధుమా అన్న వాదన నమూనాలు కట్టేవాళ్ల మధ్య ఇంకా తెగలేదు.

నేను సీసా రంగు వాడకుండా ఎల్లో ఓకర్, నలుపు కలిపి చూశాను. నలుపు ఒక్క బొట్టు పడగానే పసుపు మాయమై ఆలివ్ రంగు తేలింది. ఇంకో బొట్టుకు బాగా మగ్గింది. విమానం కొత్తది కాబట్టి ఆలివ్ దగ్గరే ఆపాను. మూడేళ్లు ఎడారిలో తిరిగిన డీహెచ్.9ఏ అయితే గోధుమ వైపు జరిపేవాణ్ని. రంగు ఎంపిక కూడా తేదీలను బట్టే జరగాలి.

ఆ పైన నునుపు వార్నిష్, డెకాల్స్, మళ్లీ వార్నిష్. అప్పుడు బర్న్ట్ అంబర్ ఆయిల్ రంగును టర్పెంటైన్‌లో పలచగా కలిపి సన్న బ్రష్షుతో అతుకుల్లో వదిలితే దానంతటదే పారుతుంది. కాసేపు ఆగి, దూదిపుల్లతో ముందు నుంచి వెనక్కే తుడవాలి. ఎగిరే విమానం మీద గాలి పోయే దిశ అదే, నూనె సాగే దిశా అదే. అడ్డంగా ఒక్కసారి తుడిచినా ఆ మరక చూసేవారి కంటికి తప్పుగానే తోస్తుంది.

కొలత ఇంకా కఠినం. అసలు విమానం రెక్కల నిడివి 14 మీటర్లు. 1/48 నమూనాలో అది 29 సెంటీమీటర్లు. అంటే నమూనా మీద ఒక మిల్లీమీటర్ మచ్చ అసలు విమానం మీద దాదాపు ఐదు సెంటీమీటర్ల మచ్చకు సమానం. బురద కోసం ఓబీ మట్టి, మసి కోసం బొగ్గు పొడి వాడాలని మా ప్రాంతం వాడికి ఎవరికైనా చేయి లాగుతుంది. జల్లెడ పట్టినా అందులో 0.1 మిల్లీమీటర్ రేణువులు మిగులుతాయి. 1/48లో ఆ రేణువు ఐదు మిల్లీమీటర్ల గులకరాయి. చక్రానికి బురద అంటినట్టుండదు, కంకర అతికించినట్టుంటుంది. మెత్తటి పేస్టల్ సుద్దను సన్న గరుకు కాగితం మీద అరగదీస్తే వచ్చే పొడి దానికంటే ఎంతో నయం.

ఈ అభిరుచి వచ్చిన దారి

1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ కంపెనీ ‘పెంగ్విన్’ పేరుతో 1/72 ప్లాస్టిక్ కిట్లు తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మన విమానమేదో శత్రువుదేదో గుర్తుపట్టడం నేర్పడానికి అదే కొలతలో నమూనాలు చేయించారు. అమెరికాలో బడి పిల్లల చేత కూడా చెక్కించారు. 1950ల్లో ఎయిర్‌ఫిక్స్ స్పిట్‌ఫైర్ కిట్ వచ్చింది. జపాన్‌లో 1946లో కలప వ్యాపారంగా మొదలైన టమియా ప్లాస్టిక్‌లోకి మారి నాణ్యతకు పేరు తెచ్చుకుంది. బెల్జియంకు చెందిన ఫ్రాంస్వా వెర్లిండెన్ చేతుల మీదుగా వెదరింగ్ ప్రపంచమంతా పాకింది. సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ న్యూజిలాండ్‌లో పెట్టిన వింగ్‌నట్ వింగ్స్ ఈ డీహెచ్.9ఏను 1/32లో అందంగా తెచ్చింది. ఆ కంపెనీ 2020లో మూతపడింది.

బాక్స్ 1: నల్ల చిరుత స్పిట్‌ఫైర్

రెండో ప్రపంచ యుద్ధంలోనూ హైదరాబాద్ పేరు ఎగిరింది. 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. 253 స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్టేట్ పేరు పెట్టారు. అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీ పేరు 79, 234, 264 స్క్వాడ్రన్లకు దక్కింది. 152 స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు 1940లో బ్రిటన్ గగనతల యుద్ధంలో పోరాడాయి, తర్వాత బర్మా యుద్ధరంగానికి వచ్చాయి. అక్కడి విమానాల మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉంటుంది. జపాన్ ఎర్ర సూర్యుడితో పొరబడకుండా బ్రిటిష్ గుండ్రటి గుర్తులోంచి ఎరుపును తీసేశారు. దీని వెదరింగ్ 12ఏకు పూర్తిగా భిన్నం. ఒళ్లు దాదాపు అంతా లోహం, తలమీద బర్మా ఎండ, కింద దుమ్ము. మెకానిక్కులు కాలు మోపే రెక్క మొదట్లో పెయింటు ఊడితే అది నిజమే. ఎగ్జాస్టు వెనక మసి, తుపాకుల వెనక పొగ కూడా అంతే.

బాక్స్ 2: మొదలుపెట్టేవారికి

• తొలి కిట్‌గా 1/72లో ఒక జత రెక్కల విమానం తీసుకోండి. రెండు జతల రెక్కలున్నవాటికి మధ్యలో తీగలు కట్టాలి, అది తర్వాతి మెట్టు.
• సైడ్ కట్టర్, సన్న కత్తి, 400 నుంచి 1200 నంబరు వరకు గరుకు కాగితం, ప్లాస్టిక్ సిమెంటు, ప్రైమర్ చాలు.
• వెదరింగ్‌కు చిత్రకారుల ఆయిల్ ట్యూబులు మూడు: బర్న్ట్ అంబర్, నలుపు, ఎల్లో ఓకర్. టర్పెంటైన్, దూదిపుల్లలు, పేస్టల్ సుద్దలు.
• కిటికీ తెరిచి పనిచేయండి. అరగదీసేటప్పుడు మాస్కు తప్పనిసరి.

బాక్స్ 3: కళ్లతో చూసి నేర్చుకోవాలంటే

విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం ఉంది. మన నౌకాదళంలో 29 ఏళ్లు సేవ చేసి 2017లో విరమించిన విమానం అది. లోపలికి వెళ్లే ముందు చుట్టూ తిరిగి చూడండి. రేకుల అతుకులు, మరల వరసలు, చక్రాల గూళ్లు దగ్గర నుంచి ఫోటోలు తీసుకోండి. నమూనా బల్ల మీద ఏ పుస్తకమూ ఆ ఫోటోలకు సాటిరాదు.

ఎవరి సొమ్ము, ఎవరి విమానం

నాకు విమానాలంటే ఇష్టం. ఆ ఇష్టంలో 12ఏ చేసిన పనిని మరచిపోకూడదు. అది ఊళ్ల మీద బాంబులు వేయడానికి కట్టిన యంత్రం. దాన్ని కొన్న సొమ్ము దివానీ (ప్రభుత్వ) ఖజానాది అయినా, నిజాం సొంత ఎస్టేట్ సర్ఫ్-ఎ-ఖాస్‌ది అయినా, అందులో పెద్ద భాగం రైతు కట్టిన శిస్తే. జర్మనీ ఎక్కడుందో తెలియని రైతు కష్టం ఆ గుడ్డ రెక్కల్లో ఉంది. అందుకే దాని నమూనాను అందమైన బొమ్మగా చేసి వదిలేయడం నాకు నచ్చదు. దాన్ని సరిగ్గా ఐదు వారాల వయసుతో, ఆ ఐదు వారాల బురదతో చూపించాలి. తుక్కులా చేసినా, తళతళలాడించినా చరిత్ర తప్పుతుంది.

హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఆయన రజతోత్సవానికి వచ్చిన కానుకలున్నాయి. నగరంలోని ప్రసిద్ధ భవనాల వెండి నమూనాలు కూడా వాటిలో ఉన్నాయి. అవన్నీ ఆయనకు వచ్చినవి. ఆయన ఇచ్చిన కానుకల్లో ఒకటైన 12ఏ మాత్రం లండన్‌లో ఉంది. ఆ వెండి నమూనాల వరసలో ఈ విమానం 1/48 నమూనా ఒకటి పెట్టాలని మ్యూజియం నిర్వాహకులను కోరుతున్నాను. కింద పలకలో నిజాం పేరుతో పాటు శిస్తు కట్టిన రైతు మాట కూడా రాయాలి. కట్టి ఇవ్వడానికి తెలంగాణలో చేతులున్నాయి. పిలిస్తే మొదట వచ్చేవాళ్లలో నేనుంటాను.