బలవంతాన పోసిన నీళ్లు విశ్వాసమవుతాయా?

దక్షిణ స్పెయిన్‌లో గ్రనడా నగరానికి ఎగువన సియెర్రా నెవాడా మంచుకొండలున్నాయి. వాటి దక్షిణపు వాలులో తెల్లని గోడలతో మెరిసిపోయే పల్లెల ప్రాంతం పేరు అల్పుహర్రా. కాపిలేయిరా, బుబియోన్, పాంపనేయిరా, త్రెవేలెజ్, వాలోర్ అక్కడి ఊళ్లే. ఇళ్లకు పెంకులుండవు. దూలాలపై రాతిపలకలు పరిచి, వాటిపై నీరు దిగని బూడిదరంగు మట్టి వేసిన చదునైన కప్పులుంటాయి. మొరాకో కొండల్లోని ఇళ్లూ ఇలాగే ఉంటాయి. ఎందుకంటే ఈ పల్లెల్ని తీర్చిదిద్దింది శతాబ్దాలపాటు అక్కడ బతికిన ముస్లిం రైతులు.

వాలోర్‌లో ఏటా సెప్టెంబరు మధ్యలో ‘మూర్లు, క్రైస్తవులు’ అనే ఉత్సవం జరుగుతుంది. ఊరివాళ్లే రెండు సేనలుగా వేషాలు కట్టి, తుపాకుల్లో మందు పేలుస్తూ కోట కోసం పోరాడతారు. మొదట మూర్లు, అంటే ముస్లింలు గెలుస్తారు, చివరకు క్రైస్తవులు గెలుస్తారు. ఆ ప్రాంతపు ఇలాంటి నాటకాలు చాలావాటిలో, ఓడిన ముస్లిం రాజు మనసు మారి బాప్తిస్మం తీసుకోవడంతో కథ ముగుస్తుంది. చూడముచ్చటైన పండుగే! కానీ నిజంగా జరిగింది అదేనా?

1492 జనవరి 2న గ్రనడా చివరి సుల్తాను బోఅబ్దిల్ తన నగరాన్ని రాణి ఇసబెల్లాకు, రాజు ఫెర్డినాండ్‌కు అప్పగించాడు. ముస్లింలు తమ విశ్వాసంలోనే నిర్భయంగా బతకవచ్చని ఆ రాజదంపతులు ఒప్పందంలో మాటిచ్చారు. గ్రనడా మొదటి ఆర్చ్‌బిషప్ తలవేరా ఆ మాటను గౌరవించాడు. పెద్దవయసులో తాను అరబిక్ నేర్చుకోబూని, తన గురువులనూ నేర్చుకొమ్మన్నాడు. ఆయన ప్రోత్సాహంతో పెద్రో ద అల్కలా రాసిన అరబిక్ వ్యాకరణం 1505లో అచ్చయింది కూడా. బోధించడం, మంచిగా బతికి చూపించడం, ఓపికగా ఎదురుచూడడం... ఇదీ ఆయన పద్ధతి.

అయితే ఆ ఓపిక అందరికీ లేకపోయింది. 1499లో టొలేడో ఆర్చ్‌బిషప్ సిస్నెరోస్ గ్రనడాకు వచ్చి వేలాదిమందికి మూకుమ్మడిగా బాప్తిస్మమిప్పించాడు. అరబిక్ గ్రంథాలను తగలబెట్టించాడు. జనం తిరగబడ్డారు. ఆ మంట అల్పుహర్రాకూ పాకింది. దాన్ని అణచివేసి, ఒప్పందం ఇక చెల్లదన్నారు. 1502 నాటికి బాప్తిస్మమో, దేశం విడిచిపోవడమో తేల్చుకొమ్మన్నారు. మాట తప్పింది ఎవరు? సిలువ పట్టుకున్నవారే! ప్రేమతో పనిచేసిన తలవేరా మీద కూడా మతవిచారణ అధికారులు చివరి రోజుల్లో నేరం మోపారు. 1507లో ఆయన కన్నుమూశాడు.

అలా బాప్తిస్మం పొందినవారిని ‘మొరిస్కోలు’ అన్నారు. పేరు మారింది గాని మనసు మారలేదు. 1567లో రెండవ ఫిలిప్ రాజు వాళ్ల అరబిక్ భాషను, దుస్తులను కూడా నిషేధించాడు. 1568 క్రిస్మస్ వేళ అల్పుహర్రా మళ్లీ భగ్గుమంది. తిరుగుబాటుదారులు గురువులను, క్రైస్తవ గ్రామస్థులను చంపారు. రాజుగారి సేనలు అంతకంతా పగతీర్చుకుని స్త్రీలను, పిల్లలను బానిసలుగా అమ్ముకున్నాయి. 1570లో మొదలుపెట్టి సుమారు 80 వేలమంది మొరిస్కోలను గ్రనడా రాజ్యం నుండి తరిమేశారని చరిత్రకారుల అంచనా. చలిలో కాలినడకన సాగిన ఆ దారిలో ఎందరో రాలిపోయారు. ఖాళీ అయిన పల్లెల్లోకి గలీసియా, లెయోన్ వంటి ప్రాంతాల క్రైస్తవులను తెచ్చి నింపారు.

ఆ రోజుల్లోనే మరో సంగతి జరిగింది. సెవిల్ దగ్గరి మఠం నుండి 1557లో ప్రాణాలు చేతపట్టుకుని పారిపోయిన కసియోదోరో ద రేనా అనే సన్యాసి, మూలభాషల నుండి బైబిల్ మొత్తాన్ని స్పానిష్‌లోకి అనువదించాడు. అది 1569లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అచ్చయింది. అంటే అల్పుహర్రాలో క్రైస్తవం పేరిట నెత్తురు పారుతున్న ఏడాదే, ప్రజల భాషలోని దేవుని వాక్యం పరదేశంలో తలదాచుకుని పుట్టింది! మొరిస్కోలను వేధించిన మతవిచారణ సంస్థే స్పెయిన్ ప్రొటెస్టెంట్లనూ కాల్చి చంపింది.

అలాగని ‘ఆ తప్పు మనది కాదులే’ అని మనం చేతులు దులుపుకోలేం. స్పెయిన్ దేశస్థుడైన మైకేల్ సెర్వెటస్‌ను 1553లో సజీవదహనం చేసింది ప్రొటెస్టెంట్ నగరమైన జెనీవాయే. అధికారం చేతికొస్తే విశ్వాసులకూ కత్తి ముద్దొస్తుంది.

ఇప్పుడు అల్పుహర్రాకు వెళ్తే నేటికీ పారుతున్నవి ముస్లిం రైతులు తవ్విన కాలువలు. ‘అసేకియా’ అనే ఆ కాలువల పేరు కూడా అరబిక్ నుండి వచ్చిందే. కరిగిన మంచునీటిని కొండ పైభాగంలోనే మళ్లించి నేలలోకి ఇంకేలా చేస్తారు. ఆ నీరు మెల్లగా దిగి, ఎండాకాలంలో కింది ఊళ్లలో ఊటలుగా పైకొస్తుంది. పూడిపోయిన కాలువలను 2014 నుండి గ్రనడా విశ్వవిద్యాలయం వారు, స్వచ్ఛంద సేవకులు, గ్రామస్థులు కలిసి బాగుచేస్తున్నారు. తాము తవ్వని బావుల నీళ్లు తాగేటప్పుడు గర్వించి దేవుణ్ణి మరచిపోవద్దని మోషే ఇశ్రాయేలీయులను హెచ్చరించాడు కదా! తరిమేసినవారి కాలువ నీళ్లు తాగే పల్లెలు కూడా మరచిపోకూడని సత్యమొకటి ఉంది.

బలవంతాన తలపై పోసిన నీళ్లు విశ్వాసాన్ని పుట్టించలేకపోయాయి. నేలలోకి ఓపికగా ఇంకిన నీళ్లు మాత్రం ఐదొందల ఏళ్లయినా ఊటలుగా ఉబుకుతున్నాయి. సువార్త దారి రెండవది. ధనవంతుడైన యువకుడు దుఃఖపడుతూ వెళ్లిపోతుంటే యేసుప్రభువు అతణ్ణి ప్రేమించాడు గాని, చెయ్యిపట్టి ఆపలేదు, షరతు తగ్గించి పిలవలేదు. కాదనే స్వేచ్ఛ లేనిచోట అవుననే మాటకు విలువేముంటుంది? ఈ ఏడాది ఎందరికి బాప్తిస్మమిచ్చామని సంఘాల్లో లెక్కలు చెప్పుకుంటాం. ఎందరి భాష నేర్చుకున్నాం, ఎందరి బాధ విన్నాం, ఎందరికిచ్చిన మాట నిలబెట్టుకున్నాం అనే లెక్క కూడా రాసుకుందాం. ఆ లెక్కనే దేవుడు ముందుగా అడుగుతాడేమో!